అలుపు వేరు, బలం వేరు

“పొద్దున్న అయిదింటికి లేచింది మొదలు రాత్రి పదింటికి వంటగట్టు తుడిచేదాకా కాలు నిలిచింది లేదు. ఇంకా వ్యాయామం కూడానా?”

వ్యాయామం మాట ఎత్తగానే మనలో చాలామంది అనేది ఇదే. అందులో అబద్ధం లేదు. కాని ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. చేతుల్లేని కుర్చీ ఒకటి గోడకి ఆనించి వేసుకోండి. మధ్యలో కూచుని, రెండు చేతులూ గుండెలమీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేచి నిటారుగా నిలబడండి. మళ్ళీ కూచోండి. గడియారం చూసుకుంటూ అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టండి. అమెరికాలో వయసు మళ్ళినవాళ్ళు పడిపోకుండా చూడడానికి డాక్టర్లు వాడే పరీక్ష ఇది. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు 12 సార్లు, 65 నుంచి 69 వాళ్ళు 11 సార్లు, 70 నుంచి 74 వాళ్ళు 10 సార్లు లేవలేకపోతే కాళ్ళలో బలం తగ్గిందనీ, పడే ప్రమాదం వుందనీ లెక్క. నలభైల్లోనూ యాభైల్లోనూ వున్నవాళ్ళం ఇంకా బాగా ఎక్కువే లేవాలి కదూ!

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. ఆవిడకి 62 ఏళ్ళు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చాకిరీయే. నలుగురు పిల్లలకీ, అత్తమామలకీ చేసిన చెయ్యి. ఆవిడ ఈ పరీక్షలో ఏడుసార్లు లేచి, ఎనిమిదోసారి కుర్చీలో చతికిలబడి, “చెయ్యి ఆనకుండా ఎలా లేస్తారే తల్లీ?” అన్నారు. అప్పటికి రెండు నెలల ముందే వాళ్ళ అక్కగారు స్నానాలగదిలో జారిపడి, తుంటి విరిగి, ఆపరేషను చేయించుకుని మంచంలో వున్నారు. అందుకే నవ్వులాటగా మొదలుపెట్టిన పరీక్ష నవ్వులాటగా ముగియలేదు.

మరి జీవితమంతా పనిచేసిన మనిషికి బలం లేకపోవడమేమిటి?

కండరానికి ఒక గుణం వుంది. తనకి అలవాటైన బరువు వెయ్యిసార్లు ఎత్తినా అది అలుస్తుందే గాని గట్టిపడదు. అలవాటుకి కొంచెం మించిన బరువు పడి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు విశ్రాంతీ, సరైన తిండీ దొరికితేనే ఆ మేరకు బలం పుంజుకుంటుంది. మన ఇంటిపనిలో మించిన బరువేదీ? చీపురు బరువు పదిహేనేళ్ళ కిందట ఎంతో ఇవాళా అంతే. పైగా రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చింది, చేదబావి పోయి కొళాయి వచ్చింది. వాటిని మళ్ళీ తెమ్మని కాదు నేననేది! ఆ చాకిరీ మన అమ్మమ్మల నడుములు ఎలా విరగ్గొట్టిందో మనకి తెలుసు. ఇంటిపని మనల్ని అలవగొడుతుంది. బలం కావాలంటే వేరే దారి చూసుకోవాలి.

ఆ దారి ఏమిటో బిడ్డని ఎత్తి పెంచిన ప్రతి తల్లికీ అనుభవమే. బిడ్డ పుట్టినప్పుడు సుమారు 3 కిలోలు. ఏడాది తిరిగేసరికి మూడు రెట్లు, 9 కిలోలు. ఆ 9 కిలోలనీ ఒక చంకనేసుకుని రెండో చేత్తో పులుసు కలిపాం. పురుడు వచ్చిన నెలలోనే ఎవరైనా 9 కిలోల మూట చేతికిచ్చి రోజంతా మొయ్యమంటే మోసేవాళ్ళమా? బిడ్డ కొద్దికొద్దిగా బరువెక్కింది, చెయ్యీ కొద్దికొద్దిగా బలమెక్కింది. పూర్వం గ్రీసు దేశంలో మైలో అనే మల్లుడు దూడని రోజూ భుజాన మోస్తూ, అది ఎద్దయ్యేదాకా మోశాడని కథ చెబుతారు. ఆ కథ వినగానే నాకు మల్లుడి కంటే మన తల్లులే గుర్తొస్తారు. చిక్కల్లా ఏమిటంటే, పిల్ల చంక దిగి నడిచిన రోజున మన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

దీన్ని ఒక వైద్యంగా చేసింది థామస్ డిలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో, 1945 ప్రాంతంలో, మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులచేత బరువు పెంచుకుంటూ ఎత్తించాడు. అంతకు ముందు అలాంటివాళ్ళచేత తేలిక బరువులు ఎక్కువసార్లు ఎత్తించేవారు. బరువు ఎక్కువ, లెక్క తక్కువ అయితేనే బలం త్వరగా వస్తుందని ఆయన చూపించాడు.

‘ఈ వయసులోనా?’ అనకండి. 1990లో అమెరికాలో ఒక వృద్ధుల నిలయంలో 90 ఏళ్ళ ప్రాయంలో వున్న పదిమందిని తీసుకుని 8 వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. చివరిదాకా చేసినవాళ్ళ తొడల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. 4 వారాలు మానేసేసరికి మళ్ళీ సుమారు మూడో వంతు తగ్గిపోయిందట! అంటే ఇది పచ్చడి పట్టి జాడీకెత్తినట్టు ఒకసారి చేసి దాచుకునేది కాదు. ఏ వారానికావారం చేసుకోవలసిందే.

మనకి ఈ అవసరం మగవాళ్ళకంటే ఎక్కువే వుంది. ముప్ఫై దాటిన దగ్గర్నుంచీ ఎవరికైనా కండ పదేళ్ళకి నూటికి 3 నుంచి 8 పాళ్ళు తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్ళకి ముట్లు ఆగిపోగానే ఎముకలు కూడా గుల్లబారడం మొదలుపెడతాయి. మన దేశంలో అది 46, 47 ఏళ్ళ ప్రాంతంలో వస్తోంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్ళకి ఇంకా ముందే వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళలో ఆంధ్ర, తెలంగాణ దేశంలో ముందు వరుసలో వున్నాయి. ఇది మనం గొప్పగా చెప్పుకోవలసిన స్థానం కాదు. బరువు మోసే కండ ఎముకని లాగుతుంది. ఆ లాగుడుకి ఎముక గట్టిదనం నిలుపుకుంటుంది. తిన్న అన్నంలోని చక్కెర ఎక్కువ భాగం వెళ్ళి చేరేది కూడా కండలోకే. కాబట్టి మధుమేహం వున్న ఇళ్ళలో దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. రోజూ నడుస్తున్నాం కదా అంటారేమో. నడక గుండెకి మంచిదే, మానకండి. కాని నడకతో చేతికీ వీపుకీ వచ్చే బలం తక్కువ. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నడకలాంటివి కాక, వారానికి కనీసం 2 రోజులు ఒళ్ళంతటికీ బలమిచ్చే వ్యాయామం చెయ్యాలని వేరుగా చెప్పింది.

ఇక పెద్ద భయం ఒకటుంది: “మగాళ్ళలా కండలు తిరిగిపోతాయేమో!” తిరగవు. కండలు అంతగా పెంచే హార్మోను మగవాళ్ళతో పోలిస్తే మన ఒంట్లో చాలా తక్కువ. మన శ్రీకాకుళం జిల్లా పిల్ల కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్సులో రెండు విధాలా కలిపి 240 కిలోలెత్తి కంచుపతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ ఆవిడే. అదంతా చిన్ననాటినుంచీ ఏళ్ళ తరబడి రోజూ చేసిన సాధన. వారానికి రెండు రోజులు ఇసుక సంచీ ఎత్తే మనకి ఆ కండలు రమ్మన్నా రావు. మొదటి నెలలో మీకు తెలిసే బలంలో చాలా భాగం కండ పెరిగి వచ్చింది కూడా కాదు, వున్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకోవడం వల్ల వచ్చింది.

ఇసుక సంచీ అన్నాను కదా, అది చెబుతాను. ఇనప డంబెల్సు కొనాలంటే కిలో ఇంతని ధర. పైగా ఇవాళ కొన్న 2 కిలోలది మూడు నెలలకి చాలదు, మళ్ళీ కొనాలి. ఇంట్లో చిరిగిన జీన్సు పాంటు ఒకటి వుంటుంది. దాని కాలు మోకాలి దగ్గర కత్తిరించండి. ఒక కొస రెండు వరసలు గట్టిగా కుట్టెయ్యండి. ఇల్లు కడుతున్నచోట అడిగితే రెండు తట్టల ఇసుక కాదనరు. జల్లించి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టండి. తడి ఇసుక బూజు వాసన కొడుతుంది, తూకమూ తప్పుతుంది. మందపాటి పాలిథిన్ కవరులో పోసి, మూతికట్టి, దానికి ఇంకో కవరు తొడిగి పాంటు కాల్లో దించండి. పై కొస కుట్టేముందు పాత స్కూలు సంచీ పట్టీ గానీ, నవారు ముక్క గానీ పిడిలా పెట్టి, అటూ ఇటూ నాలుగేసి వరసలు కుట్టండి. బరువు ఆగేది ఆ కుట్టుమీదే. 2 కిలోలవి రెండు, 3 కిలోలది ఒకటి, 5 కిలోలది ఒకటి చేసుకుంటే ఏడాదికి సరిపోతాయి. తూచడానికి త్రాసు లేకపోతే కిరాణాకొట్టులో తూయించుకోండి. ఎంత బరువో సంచీమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

అంత కుట్టే ఓపిక లేనివాళ్ళకి అంతకంటే సులువు వుంది. లీటరు సీసా నిండా నీళ్ళు పోస్తే కిలో, పొడి ఇసుక పోస్తే కిలోన్నర పైచిలుకు. వంటనూనె వచ్చే 5 లీటర్ల క్యానుకి పిడి కూడా వుంటుంది. దాన్ని సగం నింపితే రెండున్నర, నిండా నింపితే 5 కిలోలు. పిల్లల పాత స్కూలు సంచీలో పప్పు పొట్లాలు పెట్టి వీపున తగిలించుకున్నా బరువే. ఇక పైసా ఖర్చుతో దొరికే మహావస్తువు పాత సైకిలు ట్యూబు. పంక్చరు కొట్టులో అడిగితే ఇస్తారు. వాల్వు వున్న ముక్క కోసి పారేసి, సబ్బుతో కడిగి ఆరబెట్టి, కాస్త పౌడరు రాస్తే జిగురు పోతుంది. కిటికీ ఊచకి దాన్ని చుట్టి, రెండు కొసలూ పట్టుకుని లాగడం చేదతో నీళ్ళు తోడినట్టే వుంటుంది. ఎక్కడైనా పగుళ్ళు వుంటే మాత్రం వాడకండి, తెగి మొహానికి తగులుతుంది.

ఇప్పుడు చెయ్యవలసినవి చెబుతాను. మొత్తం ఆరు. చీర కట్టుకుని చేస్తే కుచ్చెళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయి, పంజాబీ డ్రెస్సు మేలు. ముందు అయిదు నిమిషాలు గదిలోనే అటూఇటూ నడిచి, చేతులు తిప్పి ఒళ్ళు వేడెక్కించుకోండి.

మొదటిది మనందరికీ బళ్ళో పంతులుగారు నేర్పినదే – గుంజీళ్ళు! వినాయకుడి ముందు తీసినట్టు చెవులు పట్టుకోనక్కర్లేదు. కుర్చీ వెనకాల పెట్టుకుని, కూచోబోతున్నట్టు పిరుదులు వెనక్కి జరుపుతూ దిగి, కుర్చీ తగలగానే లేవండి. మోకాళ్ళు లోపలికి వాలకూడదు, పాదాల వేళ్ళు ఎటు చూస్తున్నాయో అటే చూడాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీమీద రెండు దిళ్ళు వేసి ఎత్తు పెంచుకోండి. ఎంత దిగితే నొప్పి లేదో అంతే దిగండి. అలవాటయ్యాక ఒక్కో దిండూ తీసెయ్యండి. ఆ తర్వాత సంచీ గుండెకి హత్తుకుని చెయ్యండి. పిన్నిగారి చేత నేను ముందు చేయించింది ఇదే, రెండు దిళ్ళతో.

రెండోది దండీలు. నేలమీద మనవల్ల కాదు, నిజమే. గోడకి మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకి ఆనించి, ఒళ్ళు కర్రలా వుంచి గోడవైపు వాలి, తోసుకుంటూ వెనక్కి రండి. అది తేలికైపోయాక వంటగట్టు పట్టుకుని చెయ్యండి. తర్వాత కదలని మంచం అంచు. ఎంత కిందకి దిగితే అంత బరువు చేతులమీద పడుతుంది. ఇందులో సంచీతో పనే లేదు, మన ఒళ్ళే మనకి బరువు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే ఎక్కువ తప్పు చేసేదీ ఇదే: కిందనుంచి బరువెత్తడం. బిందెత్తినా, 26 కిలోల బియ్యం బస్తా జరిపినా, నిండు గ్యాసు సిలిండరు దొర్లించినా మనం వీపు విల్లులా వంచి నడుంతో లాగుతాం. ఆ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే 30 కిలోల దాకా వుంటుంది. నడుము పట్టేసిందంటే పట్టెయ్యదూ మరి! ముందు బరువేమీ లేకుండా నేర్చుకోండి. మాపు కర్ర ఒకటి వీపుకి నిలువుగా ఆనించి పట్టుకోండి. కర్ర తల వెనకా, వీపు మధ్యా, నడుము కింది ఎముకా మూడుచోట్లా తగలాలి. మోకాళ్ళు కొద్దిగా మడిచి, పిరుదులు వెనక్కి నెడుతూ తుంటి దగ్గర వంగండి. మూడుచోట్లా కర్ర తగులుతూనే వుంటే సరిగ్గా వంగినట్టు. ఎక్కడ విడిపోతే అక్కడ ఆగి మళ్ళీ లేవండి. ఇది వచ్చాక, పీటమీద పెట్టిన 5 కిలోల సంచీని అలాగే వంగి, ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. నిండు సిలిండరుతో మాత్రం ప్రయోగాలు చెయ్యకండి. తెచ్చిన అబ్బాయినే వంటింట్లో పెట్టి వెళ్ళమనండి.

నాలుగోది చేద తోడడం. ఒక చెయ్యి కుర్చీ సీటుమీద ఆనించి వంగి, రెండో చేత్తో సంచీని నడుము దాకా లాగండి. సైకిలు ట్యూబుతో చేసినా ఇదే. పొద్దస్తమానం గట్టుమీదికి వంగి తరిగే మనకి వీపు గూడు కట్టకుండా వుండాలంటే ఇది చెయ్యాలి. అయిదోది, రెండు సీసాలు భుజాల దగ్గర పట్టుకుని, అటకమీద డబ్బా పెడుతున్నట్టు నెత్తిమీదికి ఎత్తడం. భుజం పట్టేసినవాళ్ళు నొప్పి లేనంతవరకే ఎత్తాలి. ఆరోది పోపు వేగేలోగా కూడా చెయ్యొచ్చు: గట్టు పట్టుకుని రెండు మడమలూ ఎత్తి, మునివేళ్ళమీద రెండు లెక్కలు ఆగి, మెల్లిగా దించడం. పిక్కలకి బలం, తూలకుండా నిలబడడానికీ మంచిది.

ఎన్నిసార్లు? ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ఒక విడత. మొత్తం అరగంట కూడా పట్టదు. వారానికి రెండు రోజులు చాలు, సోమ గురువారాలు అనుకోండి. మధ్యలో విశ్రాంతి వుండాలి. బరువు సరైనదో కాదో చెప్పేది చివరి రెండుసార్లే. అవి కష్టంగా వుండాలి, అయినా సరిగ్గా చెయ్యగలగాలి. పన్నెండోసారి కూడా హాయిగా ఎత్తేస్తున్నారంటే ఆ బరువు మీకు చీపురుతో సమానమైపోయిందన్నమాట. అర కిలో పెంచండి. పాల లెక్క రాసే క్యాలెండరు మీదే ఆ గడిలో ‘2 కి – 10’ అని రాసుకోండి. జ్ఞాపకం మీద నడిపితే మూడు నెలలైనా అదే సంచీ ఎత్తుతూ వుంటాం.

ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. మర్నాడూ ఆ మర్నాడూ తొడలూ భుజాలూ పులిసినట్టుంటే భయం లేదు, తగ్గిపోతుంది. కీలులో పొడిచినట్టు నొప్పి వచ్చినా, గుండెలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపాలి. గుండె నొప్పి అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళడంలో ఆలస్యం వద్దు. అదుపులో లేని రక్తపోటు, గుండెజబ్బు, ఎముకలు గుల్లబారాయని ఇదివరకే తేలినవాళ్ళు, గర్భిణులు, ఇటీవల కాన్పో ఆపరేషనో అయినవాళ్ళు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి. బరువెత్తితే మూత్రం చుక్క పడడం, గర్భసంచి జారినట్టుండడం మనలో చాలామంది సిగ్గుపడి ఎవరితోనూ చెప్పరు. దానికి వైద్యం వుంది, చెప్పండి. అది చూపించుకున్నాకే బరువుల జోలికి వెళ్ళండి.

ఇక తిండి. ఎత్తిన బరువుకి తగ్గ మాంసకృత్తులు లేకపోతే కండ ఎక్కణ్ణుంచి వస్తుంది? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఒంటి బరువు కిలోకి రోజుకి 0.83 గ్రాములు కావాలి. 55 కిలోల మనిషికి 46 గ్రాములు. డబ్బాల్లో అమ్మే పొడుల అవసరం లేదు. గుడ్డులో 6 గ్రాములుంటాయి. గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుసెనగపప్పులో 7, 50 గ్రాముల కందిపప్పులో 11, పాతిక గ్రాముల మీల్‌మేకరులో 13 దాకా వుంటాయి. మీల్‌మేకరు వీటన్నిటిలో చవక. అసలు లోటు సరుకుల్లో లేదు, వడ్డనలో వుంది. పప్పు గిన్నె ఆయనకీ పిల్లలకీ వడ్డించాక అడుగంటిన చారుతో, మజ్జిగతో మనం ముగిస్తాం. చివర కూచున్నా సరే, మీ వాటా పప్పు ముందే ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టండి. గుడ్లు నాలుగుంటే నాలుగూ పిల్లలకేనా? మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళు మాత్రం మాంసకృత్తులు పెంచేముందు డాక్టరు మాట వినాలి.

మొదట్లో ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. పిన్నిగారి మనవడు ఆవిణ్ణి ‘పహిల్వాన్ బామ్మ’ అని పిలిచాడు. ఆవిడ వాణ్ణే గడియారం చూసి లెక్కపెట్టమన్నారు. మూడు నెలలకి ఏడుసార్లు కాస్తా పన్నెండు అయింది. మొన్న వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళితే, కథ అయ్యాక పీటమీంచి గుమ్మం పట్టుకోకుండా లేచారు. లేచి నావైపు చూసి నవ్వారు కూడా! మర్నాడే వాళ్ళబ్బాయి పాత పాంటు ఒకటి మనవడికిచ్చి పంపించారు, 5 కిలోల సంచీ కుట్టిపెట్టమని.